నీళ్లంటే భయం ఉన్నా బాప్తిస్మం తీసుకోవచ్చా?

ప్రశ్న: నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టలేదు. పెళ్లయ్యాక ప్రభువును తెలుసుకున్నాను, రెండేళ్లుగా సంఘానికి వెళ్తున్నాను. బాప్తిస్మానికి సిద్ధపడమని పాస్టరు గారు అంటున్నారు, నాకూ ఆశగానే ఉంది. కానీ చిన్నప్పుడు నీళ్లలో మునిగిపోతే ఎవరో బయటికి లాగారు. అప్పటి నుంచి ముఖం మీద నీళ్లు పడితే చాలు, ఊపిరి ఆడదు. మా సంఘంలో ముంచుడు బాప్తిస్మమే ఇస్తారు. చిలకరిస్తే చెల్లదా? తీసుకోకుండానే నాకేమైనా అయితే రక్షణ ఉండదా? మావారికి పసితనంలోనే చిలకరింపు బాప్తిస్మం అయింది. ఆయన కూడా మళ్లీ తీసుకోవాలని కొందరు పట్టుబడుతున్నారు. ఆ రోజు నీళ్లలో అసలు ఏం జరుగుతుందో కూడా వివరంగా చెప్పండి. – ఒక సోదరి

సమాధానం:

ప్రియమైన సోదరికి,

మీరు చాలా అడిగారు గానీ, మిమ్మల్ని లోలోపల తినేస్తున్నది ఒక్కటే అనిపిస్తోంది: బాప్తిస్మం కాకముందే ఏమైనా అయితే నా గతేమిటని. ముందు దానికే జవాబు చెబుతాం. నమ్మి, బాప్తిస్మం కోరుకుని, అది అందకముందే కన్నుమూసిన మనిషిని దేవుడు తోసేయడు. సిలువ మీద దొంగకు నీళ్లు అందలేదు, పరదైసు మాత్రం అందింది (లూకా 23:43). రోమా సైన్యంలో శతాధిపతి కొర్నేలీ ఇంట్లో పరిశుద్ధాత్మ దిగింది నీళ్లకంటే ముందే. అది చూశాకే పేతురు వాళ్లకు బాప్తిస్మం ఇమ్మన్నాడు (అపొస్తలుల కార్యములు 10:44-48). హింసాకాలంలో ఇంకా బోధ నేర్చుకుంటూ ఉండగానే ప్రభువు కోసం చంపబడ్డవాళ్లను తొలి సంఘం రక్తంతో బాప్తిస్మం పొందినవాళ్లుగానే ఎంచింది. 392లో రోమా చక్రవర్తి రెండో వాలెంటినియన్ బాప్తిస్మం కోరి, అది పొందకుండానే చనిపోయాడు. ఆయన కోరుకున్నది ఆయనకు దక్కిందని మిలాను బిషప్పు అంబ్రోసు సంస్మరణ ప్రసంగంలోనే చెప్పి ఆయన అక్కచెల్లెళ్లను ఓదార్చాడు. మార్కు 16:16 చూపించి మిమ్మల్ని ఎవరైనా భయపెడుతుంటే, ఆ వచనం రెండో సగం కూడా చదవమనండి. అక్కడ శిక్ష మాట వచ్చింది నమ్మనివాళ్ల గురించి. నీళ్లు అందనివాళ్ల గురించి కాదు.

పాపక్షమాపణ బాప్తిస్మంలోనే కలుగుతుందని గట్టిగా బోధించే సంఘాలున్నాయి. అపొస్తలుల కార్యములు 2:38, 22:16 వాళ్ల ఆధారం. ఆ వచనాలను తేలిక చేయడం మా ఉద్దేశం కాదు. కొత్త నిబంధనలో నమ్మకం, బాప్తిస్మం ఎప్పుడూ పక్కపక్కనే నడుస్తాయి. ఫిలిప్పీ చెరసాల నాయకుడు తెల్లవారే దాకా కూడా ఆగలేదు, ఆ రాత్రివేళే ఇంటివారితో సహా తీసుకున్నాడు (అపొస్తలుల కార్యములు 16:33). కాబట్టి పైన చెప్పిన ఓదార్పును వాయిదాకు సాకు చేసుకోవద్దు. నాలుగో శతాబ్దంలో చాలామంది అదే పని చేశారు. బాప్తిస్మం తరవాత చేసిన పాపానికి క్షమాపణ దొరకదేమోనని భయపడి, చావు దగ్గరపడే దాకా ఆగేవాళ్లు. కాన్‌స్టంటైన్ చక్రవర్తి 337లో మరణశయ్య మీదే తీసుకున్నాడు. ఆనాటి బోధకులు ఈ అలవాటును గట్టిగా మందలించారు. మీది అలాంటి లెక్క కాదు, మీది నీళ్ల భయం. దానికి దారులున్నాయి.

ఆ దారులు చూసేముందు, ఏ పని కోసం ఇంత కష్టపడాలో చూడాలి. రోమా 6:3-4 తెరవండి. బాప్తిస్మంలో మనం క్రీస్తుతో కూడా పాతిపెట్టబడ్డామని, ఆయన లేచినట్టే కొత్త జీవంలో నడవడానికి లేచామని పౌలు అంటాడు. నీటి కిందికి వెళ్లడం సమాధి, పైకి రావడం పునరుత్థానం. గలతీ 3:27లో అదే బాప్తిస్మం క్రీస్తును ధరించుకోవడం. 1 కొరింథీ 12:13లో ఒక్క శరీరంలోకి చేరడం. తీతు 3:5లో కడగబడడం. ఒక్క క్రియలో ఇన్ని అర్థాలు ఇమిడి ఉన్నాయి. ఇందులో దేవుడు నిజంగా కృప ఇస్తాడని కతోలిక, ఆర్థడాక్స్, లూథరన్ సంఘాలు నమ్ముతాయి. ముందే కలిగిన విశ్వాసానికి ఇది బహిరంగ సాక్ష్యం అని బాప్టిస్టు, చాలా పెంతెకొస్తు సంఘాలు నమ్ముతాయి. మీ సంఘం ఎటువైపు నిలబడుతుందో పాస్టరు గారిని సూటిగా అడగండి, అడగడం అవిశ్వాసం కాదు. ఎటువైపు ఉన్నా ఒక మాట దగ్గర అందరూ కలుస్తారు. బాప్తిస్మం బరువు నీళ్ల లోతులో లేదు. ఎవరి నామంలోకి మీరు చేర్చబడుతున్నారన్న దానిలో ఉంది.

చిలకరిస్తే చెల్లదా అన్న ప్రశ్నకు జవాబు అక్కడి నుంచే మొదలవుతుంది. తొలి సంఘంలో మునగడమే సాధారణ పద్ధతి, ఇందులో పెద్దగా వాదం లేదు. ఐతియొపీయుడు, ఫిలిప్పు ఇద్దరూ నీళ్లలోకి దిగి, నీళ్లలోనుంచి పైకి వచ్చారు (అపొస్తలుల కార్యములు 8:38-39). అయినా కొత్త నిబంధన పుస్తకాలు పూర్తయిన రోజులకు దగ్గరలోనే రాసిన ‘డిడాకే’ అనే సంఘ నియమాల పుస్తకం ఏడో అధ్యాయంలో మినహాయింపు కూడా కనిపిస్తుంది. పారే నీళ్లుంటే వాటిలో ఇవ్వాలి. లేకపోతే వేరే నీళ్లు. చల్లనివి కుదరకపోతే వెచ్చనివి. అవీ తగినన్ని లేకపోతే తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో తల మీద మూడుసార్లు పోయాలి. మూడో శతాబ్దంలో మంచం మీద ఉన్న రోగులకు నీళ్లు పోసి ఇచ్చిన బాప్తిస్మం పూర్తిదేనా అని ఎవరో అడిగితే, పూర్తిదేనని కార్తేజు బిషప్పు సిప్రియను జవాబు రాశాడు. కతోలిక సంఘం ఈనాటికీ ముంచడం, పోయడం రెండింటినీ అంగీకరిస్తుంది. ఆర్థడాక్స్ సంఘాలు పసిపిల్లలను కూడా మూడుసార్లు ముంచుతాయి. బాప్టిస్టులు తమ 1644 లండన్ విశ్వాస ప్రకటనలో నీటిలో ముంచడమే పద్ధతి అని రాసుకున్నారు. మీ సంఘం ఆ దారిలోది అయి ఉండవచ్చు.

కాబట్టి మా అభిప్రాయం: పోయడం వల్ల బాప్తిస్మం చెల్లకుండా పోదు. కానీ మీరు చేరబోయేది ఒక సంఘంలోకి. దాని క్రమాన్ని దాటుకుని ఇంకో చోటికి వెళ్లి గుట్టుగా పోయించుకుని రావద్దు. ముందు మీ పాస్టరు గారికి ఆ పాత ప్రమాదం గురించి పూర్తిగా చెప్పండి. ‘నాకు కాస్త భయం’ అంటే ‘ప్రార్థన చేసుకోమ్మా, పోతుంది’ అని ఊరుకుంటారు. ‘ముఖం మీద నీళ్లు పడితే ఊపిరి ఆగిపోతుంది’ అని ఉన్నదున్నట్టు చెబితే ఏర్పాటు గురించి ఆలోచిస్తారు. ముంచుడు మాత్రమే ఇచ్చే సంఘాల్లోనూ మంచాన ఉన్నవాళ్లకు, శ్వాస జబ్బున్నవాళ్లకు పోసి ఇచ్చే కాపరులున్నారు. పోయడానికి ఒప్పుకుంటే అది సరిగ్గా జరగాలి. పళ్లెం మీదికి తల వంచాలి. నామం పలుకుతూ మూడుసార్లు, ప్రతిసారీ చేతినిండా నీళ్లు నుదుటి మీద పోయాలి. నీళ్లు చర్మం మీద పారాలి. తడివేలితో నుదురు తాకి వదిలేసినా, జుట్టు మాత్రమే తడిసినా తరవాత సందేహాలు పుడతాయి. ‘చిలకరింపు’ అని మనం అలవాటుగా అంటాం గానీ, చాలా సంఘాల్లో నిజంగా చేసేది పోయడమే.

మునగాల్సిందే అన్నారనుకోండి. అప్పుడూ ఒకటే పద్ధతి లేదు. వెనక్కి వాల్చి ముంచడమే అందరికీ తెలిసింది. భయం ఉన్నవాళ్లకు అదే అన్నిటికంటే కష్టం, ఎందుకంటే వెనక ఏముందో కనపడదు, ముక్కు రంధ్రాలు పైకి తిరుగుతాయి, నీళ్లు సూటిగా లోపలికి వస్తాయి. జర్మనీలో 1708లో మొదలైన బ్రెదరెన్ సంఘాలవాళ్లు నీళ్లలో మోకరించి, ముందుకు వంగి మూడుసార్లు మునుగుతారు. ఇందులో నీళ్లు ఎదురుగా కనిపిస్తాయి, ఎప్పుడు వంగాలో మీ చేతిలోనే ఉంటుంది, మోకాళ్లు నేల మీద ఉంటాయి కాబట్టి కాళ్లు జారే భయం లేదు. తల కిందికి ఉన్నప్పుడు ముక్కుతో గాలి వదులుతుంటే నీళ్లు లోపలికి రావు. మోకరించినప్పుడు నడుముకు కాస్త పైదాకా వచ్చే నీళ్లు చాలు, అంటే సుమారు 60 నుంచి 70 సెంటీమీటర్ల లోతు. ఈ పద్ధతికి ఒప్పుకుంటారేమో అడగండి. చాలామంది కాపరులు దీన్ని ఆలోచించి ఉండరు గానీ, మునగడం మునగడమే కనుక అభ్యంతరపెట్టడానికి పెద్ద కారణం ఉండదు.

ఏ పద్ధతైనా రెండు మూడు వారాలు ముందు నుంచి ఇంట్లో సాధన చేయండి, రోజుకు పది నిమిషాలు చాలు. పక్కన మీవారిని కూర్చోబెట్టుకోండి. బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు పోసుకుని, మొదటి రెండు మూడు రోజులు తడి చేత్తో ముఖం తుడుచుకోవడం వరకే. తరవాత నోటితో గాలి పీల్చి, ముఖం నీళ్లలో పెట్టి, ముక్కుతో మెల్లగా వదలండి, బుడగలు రావాలి. గాలి బయటికి పోతున్నంతసేపూ నీళ్లు లోపలికి రావు. ఈ సంగతి తలకు కాదు, ఒంటికి తెలియాలి, అందుకే ఇన్ని రోజులు. రెండు సెకన్లతో మొదలుపెట్టి ఐదు సెకన్ల దాకా వెళ్లండి, అంతకు మించి అవసరం లేదు. ముంచినప్పుడు నీటి అడుగున ఉండేది ఒకటి రెండు సెకన్లే. ఊపిరి ఎక్కువసేపు బిగపట్టాలని గబగబా పెద్ద పెద్ద శ్వాసలు తీయకండి, దానివల్ల కళ్లు తిరిగి పడిపోయే ప్రమాదం ఉంది. బేసిన్‌తో అలవాటయ్యాక తల వంచి, వెనక నుంచి చెంబుతో పోయించుకోండి. ఒక రోజు బాగా జరిగి మర్నాడు మళ్లీ భయం వస్తే వెనక్కి ఒక మెట్టు దిగండి, తొందరపెట్టుకోవద్దు. ఈ మాత్రం సాధనకే గుండె దడ, వణుకు ఆగకపోతే డాక్టరును కలవండి. ప్రమాదం మిగిల్చిన భయానికి చికిత్స ఉంది, దాన్ని విశ్వాసం తక్కువై వచ్చిందనుకోవద్దు.

ఆఖరి వారంలో ఒకసారి బాప్తిస్మపు తొట్టి దగ్గరికి వెళ్లి, ఇచ్చేవారితోనే నీళ్లలో నిలబడి చూడండి. తల మునగకుండా భంగిమ మాత్రం అభ్యాసం చేయాలి. వెనక్కి వాల్చే పద్ధతి ఇలా ఉంటుంది. నీళ్లు మీ నడుము పైదాకా, 90 నుంచి 110 సెంటీమీటర్లు ఉంటాయి. పాస్టరు గారు మీ ఎదురుగా కాదు, పక్కన నిలబడతారు. మీరు మడిచిన చేతిరుమాలుతో ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో ఆ మణికట్టు పట్టుకుంటారు. ఆయన ఒక చెయ్యి మీ చేతుల మీద వేసి, రెండోది మీ మెడ కింద, భుజాల మధ్య ఆనిస్తారు. నామం పలకడం పూర్తయ్యాకే వాలుస్తారు. ఆ క్షణంలో మీరు చేయాల్సింది ఒక్కటే: మోకాళ్లు వంచడం. కుర్చీలో కూర్చోబోతున్నట్టు కిందికి, వెనక్కి ఒకేసారి వెళ్లాలి.

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. మోకాళ్లు బిగబట్టి కర్రలా వాలితే పాదాలు నేల వదిలి పైకి తేలతాయి. భారమంతా పాస్టరు గారి చేతుల మీద పడుతుంది, ఆయన తడబడతారు, పైకి లేపడానికి రెండు సెకన్లు కాస్తా ఐదు అవుతాయి. మోకాళ్లు వంచితే పాదాలు నేల మీదే ఉంటాయి, లేచేటప్పుడు మీ కాళ్లే మిమ్మల్ని లేపుతాయి. నీళ్లు సగం బరువుకు పైగా మోస్తాయి కాబట్టి, సన్నని మనిషి కూడా భారీ మనిషిని తేలిగ్గా ముంచగలడు. భయపడేవాళ్లు ఉన్నప్పుడు రెండో వైపు ఇంకొకరు నిలబడటం మంచిది. సైగ కూడా ముందే మాట్లాడుకోండి. మీరు ఆయన చెయ్యి నొక్కితేనే వాల్చాలి. ఎవరు ముందు ఎవరు వెనక అని అడిగితే మొదట్లోనే పేరు ఇచ్చేయండి. పదిమంది మునగడం చూస్తూ నిలబడితే భయం పెరుగుతుంది.

మోచెయ్యో, జుట్టు కొసో పైనే ఉండిపోయిందని కొందరు నెలల తరబడి బాధపడుతుంటారు. అంత బాధ అక్కర్లేదు. సంఘం కోరితే అక్కడికక్కడే ఇంకోసారి ముంచుతారు, అంతే.

నీళ్ల వేడి గురించి తప్పకుండా అడగండి. 30 నుంచి 34 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటే ఒంటికి హాయిగా ఉంటుంది. బాగా చల్లని నీళ్లు, ముఖ్యంగా 15 డిగ్రీల లోపువి, ఒంటికి తగలగానే మన ప్రమేయం లేకుండానే ఒక్కసారిగా శ్వాస లోపలికి లాగేస్తుంది. మీలాంటివాళ్లకు అది ప్రమాదం. రెండు మీటర్ల పొడవు, మీటరు వెడల్పు ఉన్న తొట్టిలో మీటరు లోతు నీళ్లంటే 2,000 లీటర్లు, నిమిషానికి 20 లీటర్లు వచ్చే కొళాయి కింద గంటా నలభై నిమిషాలు పడుతుంది. ఆలస్యంగా మొదలుపెట్టి, లోతు చాలక, మనిషిని బలవంతంగా నొక్కి ముంచాల్సి వస్తుంటుంది. నీళ్లు కాచే కరెంటు హీటరును మనిషి దిగేముందే తీసేసి, ప్లగ్గు పీకి పక్కన పెట్టాలి. తొట్టిలో ఉన్నవాళ్లు వైరున్న మైకును ముట్టుకోకూడదు. 2005లో అమెరికాలోని టెక్సాస్‌లో ఒక కాపరి బాప్తిస్మం ఇవ్వబోతూ, నీళ్లలో నిలబడి మైకు పట్టుకోగానే కరెంటు షాకు కొట్టి చనిపోయాడు. ఈ విషయం నిర్వాహకులకు గుర్తు చేయడానికి మొహమాటపడొద్దు.

నదిలో ఇచ్చేటట్టయితే తల ఎగువ వైపుకు ఉండేలా వాల్చాలి. అప్పుడు ప్రవాహం తల నుంచి పాదాల వైపు పోతుంది, ముక్కులోకి నెట్టదు, పైగా లేవడానికి ఆసరా ఇస్తుంది. తల దిగువకు పెడితే అంతా తలకిందులే. మీ విషయంలో మాత్రం నది వద్దు, తొట్టే అడగండి.

బట్టలు ముదురు రంగువి, కాస్త మందమైనవి వేసుకోండి. తెల్లవి తడిస్తే ఒళ్లు కనిపిస్తుంది. తెల్ల అంగీ తప్పనిసరి అయితే లోపల ముదురు బట్టలుండాలి. వదులు బట్టల్లోకి గాలి చేరి నీటి మీద గొడుగులా ఉబ్బుతుంది కనుక మెల్లగా, తడుపుకుంటూ దిగండి, లేదా అంచు దగ్గర చిన్న బరువు కుట్టించుకోండి. జుట్టు బిగించి కట్టుకోండి. కాంటాక్ట్ లెన్సులు, చెవి మెషిన్ ఉంటే తీసేయాలి. చెవి పొరకు చిల్లు, మూర్ఛ, గుండె జబ్బు, మానని గాయం ఉన్నవాళ్లు ముందుగా డాక్టరుకు, పాస్టరు గారికి చెప్పాలి. నెలసరి రోజు అడ్డం పడితే ఎలా అని చాలామంది ఆడవాళ్లు అడగలేక అడుగుతుంటారు. చాలా సంఘాల్లో దానికి నిషేధం లేదు, మీకు ఇబ్బందిగా ఉంటే రోజు మార్చమనండి. డిడాకే బాప్తిస్మానికి ముందు ఒకటి రెండు రోజులు ఉపవాసం ఉండమంటుంది, ఈ అలవాటు ఇప్పటికీ ఉంది. మీరు మాత్రం నీళ్లలోకి దిగే పూట ఖాళీ కడుపుతో కళ్లు తిరిగే స్థితిలో ఉండొద్దు, తేలిగ్గా ఏదైనా తినండి.

తొట్టిలోకి దిగేముందు ప్రశ్నలు అడుగుతారు. సాతానును, వాడి క్రియలను విడిచిపెడుతున్నావా, తండ్రిని, కుమారుణ్ణి, పరిశుద్ధాత్మను నమ్ముతున్నావా అని. మీరు నోరు తెరిచి జవాబు చెప్పాలి, తలాడిస్తే చాలదు. కొన్నిచోట్ల సాక్ష్యం కూడా చెప్పమంటారు. రెండు మూడు నిమిషాలకు మించకుండా ముందే కాగితం మీద రాసుకోండి. పాత జీవితం గురించి పేజీలు రాసి, క్రీస్తు గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టేవాళ్లు ఎక్కువ. అది తిరగేయండి. తరవాత అసలు మాట: మత్తయి 28:19 ప్రకారం తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో ‘నేను నీకు బాప్తిస్మమిస్తున్నాను’ అని పలుకుతారు. ఆర్థడాక్స్ వాళ్లు ‘దేవుని సేవకురాలు బాప్తిస్మం పొందుతోంది’ అంటారు. ఈ మాటల మీద సంఘాలు ఎంత పట్టింపుగా ఉంటాయంటే, ‘నేను’ బదులు ‘మేము’ అని ఇచ్చిన బాప్తిస్మం చెల్లదని 2020 ఆగస్టులో వాటికన్ ప్రకటించింది. ‘యేసు నామంలో’ అని మాత్రమే ఇచ్చే పెంతెకొస్తు శాఖలూ ఉన్నాయి. అక్కడ తీసుకున్నదాన్ని చాలా సంఘాలు గుర్తించవు. కాబట్టి ఏ మాటలతో ఇస్తారో ముందే తెలుసుకోండి. ఇచ్చేవారి గొప్పతనం గురించి మాత్రం బెంగ వద్దు. ఇచ్చిన వ్యక్తి రేపు తప్పిపోయినా మీ బాప్తిస్మం తప్పిపోదు. తప్పిపోయిన కాపరులు ఇచ్చిన బాప్తిస్మం చెల్లదన్న దొనాతు వర్గంతో ఆఫ్రికాలో జరిగిన సుదీర్ఘ వివాదంలో బిషప్పు అగస్తీను పట్టుబట్టి నిలబెట్టింది ఈ మాటే. పౌలు కూడా నా పేరున ఎవరూ బాప్తిస్మం పొందలేదని తేల్చి చెప్పాడు (1 కొరింథీ 1:13-15).

మీవారి సంగతి. ఇందులో సంఘాల మధ్య ఉన్నది నిజమైన విభేదం, దాన్ని మాటలతో కప్పలేం. లూదియ, చెరసాల నాయకుడు, స్తెఫను ఇంటివారందరూ బాప్తిస్మం పొందారు, ఆ ఇళ్లలో పిల్లలూ ఉండి ఉంటారని ఒక పక్షం అంటుంది. నమ్మినవాళ్లకే ఇచ్చినట్టు కనిపిస్తోందని రెండో పక్షం అంటుంది. దాదాపు క్రీ.శ. 200 నాటికే తెర్తుల్లియను అనే సంఘ రచయిత పిల్లలకు ఆలస్యం చేయమని సలహా ఇచ్చాడంటే, అప్పటికే పిల్లలకు ఇస్తున్నారన్నమాట. సిప్రియను కాలంలో పుట్టిన ఎనిమిదో రోజు దాకా కూడా ఆగక్కర్లేదన్నారు. 1525 జనవరిలో జ్యూరిక్‌లో కొందరు, పసితనంలో పొందింది బాప్తిస్మం కాదని చెప్పి పెద్దయ్యాక మళ్లీ తీసుకున్నారు. వాళ్లలో ఫీలిక్స్ మాంజ్‌ను రెండేళ్లకు నదిలో ముంచి చంపారు. ఆ నమ్మకానికి అంత వెల చెల్లించినవాళ్ల వారసులను తేలిగ్గా కొట్టిపారేయకూడదు.

అయినా మీవారు మళ్లీ తీసుకోవడం అవసరమని మేం అనుకోవడం లేదు. ఎఫెసీ 4:5 ఒక్కటే బాప్తిస్మం అంటుంది. ప్రపంచ సంఘాల మండలి తరఫున 1982లో లీమాలో సిద్ధమైన పత్రం కూడా బాప్తిస్మం మళ్లీ చేయకూడని క్రియ అనే చెప్పింది. ఎఫెసులో పౌలు మళ్లీ బాప్తిస్మం ఇప్పించిన పన్నెండుమందిని కొందరు ఉదాహరణగా చూపిస్తారు. కానీ వాళ్లు ముందు పొందింది యోహాను బాప్తిస్మం, యేసు నామంలోనిది కాదు (అపొస్తలుల కార్యములు 19:1-7). మీవారు పొందింది త్రియేక దేవుని నామంలో. పసివాడిగా తనకు గుర్తులేని వాగ్దానాన్ని ఇవాళ తన నోటితో ఒప్పుకుంటే, తన జీవితంతో చూపిస్తే, ఆ బాప్తిస్మంలో లోపమేమీ లేదు. చాలా సంఘాల్లో దృఢీకరణ ఆరాధన, అంటే పసితనపు బాప్తిస్మాన్ని పెద్దయ్యాక తన నోటితో ఒప్పుకునే ఆరాధన, ఉన్నది అందుకే.

అయితే మీ సంఘం సభ్యత్వానికి, ప్రభువు బల్లకు ముంచుడు తప్పనిసరి అంటే, అది వాళ్ల మనస్సాక్షి. మీవారు తీసుకుంటే ‘పాతది అబద్ధం’ అని ఒప్పుకున్నట్టు అవుతుందని ఆయనకు అనిపిస్తే తీసుకోకూడదు. లేఖనం చదివి, నాకు విశ్వాసంతో తీసుకున్నదే బాప్తిస్మం అని ఆయనే తేల్చుకుంటే అది వేరే సంగతి, అప్పుడు మనం అడ్డు చెప్పలేం. మీ పక్కన తొట్టిలో ఫొటో బాగుంటుందని, నలుగురూ అంటున్నారని మాత్రం వద్దు. ముందు ఆయన పాత సంఘం నుంచి బాప్తిస్మపు ధ్రువపత్రం తెప్పించండి. బాప్తిస్మం అసలు జరిగిందో లేదో ఎవరికీ తెలియని సందర్భాల్లో ‘నీవు ఇంతకుముందు పొందకపోయి ఉంటే’ అనే షరతు మాటతో ఇచ్చే పద్ధతి కతోలిక, ఆంగ్లికన్ సంఘాల్లో ఉంది. రికార్డు దొరికితే ఆ అవసరమే రాదు.

మీ ధ్రువపత్రం కూడా ఆ రోజే అడిగి తీసుకోండి. పేరు అక్షరాలు, తేదీ, స్థలం, ఇచ్చినవారి సంతకం సరిచూసుకోండి. పదేళ్ల తరవాత వెతికితే ఇచ్చినవారు ఎక్కడుంటారో తెలియదు. పేరు మార్చుకోవాలా అంటే, అక్కర్లేదు. లూదియ, కొర్నేలీ తమ పేర్లతోనే మిగిలారు. బాప్తిస్మానికి ఫీజు అడిగితే ఇవ్వకండి. నాలుగో శతాబ్దం మొదట్లో స్పెయిన్‌లోని ఎల్విరా సభ, బాప్తిస్మం పొందేవాళ్లు డబ్బులు వేసే అలవాటును నిషేధించింది, ఉచితంగా పొందినదాన్ని అమ్ముకున్నట్టు ఉండకూడదని. మీ ఇష్టపూర్వక కానుక వేరు.

ఆ రోజు మీకు గొప్ప అనుభూతి ఏదీ కలగకపోవచ్చు. ఒళ్లంతా తడిసి, చలికి వణుకుతూ, అమ్మయ్య అయిపోయింది అనే అనిపించవచ్చు. దానివల్ల ఏమీ తగ్గదు. యేసు ప్రభువు కూడా యొర్దాను నుంచి నేరుగా వెళ్లింది నలభై రోజుల శోధనలోకి. బాప్తిస్మం తరవాత పాత కోపం, పాత అలవాటు మళ్లీ తలెత్తితే బాప్తిస్మం చెల్లలేదనుకోకండి, ఇంకోసారి తీసుకోవాలనుకోవద్దు. పాపం ఒప్పుకుని లేవడానికే 1 యోహాను 1:9 ఉంది.

ఈ వారమే పాస్టరు గారిని కలిసి మూడు సంగతులు అడగండి: మోకరించి ముందుకు మునిగే పద్ధతికి గానీ, అది కుదరకపోతే పోయడానికి గానీ ఒప్పుకుంటారా, ముందుగా ఒక రోజు తొట్టిలో అభ్యాసం చేయనిస్తారా, మీవారి బాప్తిస్మాన్ని మీ సంఘం ఎలా చూస్తుంది. మొదటి రెండింటికి జవాబు వచ్చాక తేదీ పెట్టించుకోండి. తేదీ లేకుండా మొదలుపెట్టిన సాధన నాలుగో రోజుకే ఆగిపోతుంది. మూడోదానికి జవాబు రావడం ఆలస్యమైతే మీ బాప్తిస్మాన్ని దానికోసం ఆపకండి.